వెనక బల్ల

“అందరూ కళ్ళు మూసుకుని దేవుణ్ణి పిలుస్తుంటే, నువ్వు నన్ను చూస్తావేంటయ్యా?”

కొరియాలోని యోసు ఊరి రేవు పక్కన చిన్న చర్చి. తెల్లవారుజాము ప్రార్థన అప్పుడే ముగిసింది. ఓక్‌బున్ వెనక్కి తిరిగి నిలదీసింది.

వెనక బల్ల మీది ముసలాయన తడబడ్డాడు.

“నాకు ప్రార్థన రావడం లేదమ్మా. ఎవరైనా చేస్తుంటే వింటున్నాను.”

“వినడానికి ఇదేమన్నా రేడియోనా?”

పక్కనున్న మిసున్ మూతి తిప్పింది. “ప్రార్థనకి కాదులే అక్కా, తర్వాత పోసే మొలకల చారుకి. నెల్లాళ్ళుగా చూస్తున్నాగా! గిన్నె ముందు తప్ప ఎక్కడైనా నోరు తెరిచాడా?”

అక్కడ ప్రార్థనంటే అందరూ ఒక్కసారిగా గొంతెత్తి మొరపెట్టుకోవడమే. ఆ హోరులో ఎవరి గోడు ఎవరికీ వినపడదని ఓక్‌బున్ నమ్మకం. ఆ ధైర్యంతోనే రోజూ కడుపులో ఉన్నదంతా కక్కేసేది.

ఆమె కొడుకు తేసిక్ పార్సిల్ బండి నడిపేవాడు. రెండు రోజులు నిద్ర లేకుండా తిప్పారు వాణ్ణి. స్టీరింగు మీదే కునుకు పట్టింది. సైకిల్ మీద పోతున్న ఇన్‌గ్యు అనే కుర్రాడు ఆ బండి కింద పడి అక్కడికక్కడే ప్రాణం వదిలాడు.

రేపే కోర్టు. పోయినవాడి తండ్రి క్షమించానంటే శిక్ష తగ్గుతుందని వకీలు చెప్పాడు. కానీ వకీలు వెళ్తే ఆ తండ్రి తలుపే తీయలేదు. ఓక్‌బున్ అయితే ఆయన ఊళ్ళో బస్సు దిగి, అదే బస్సులో తిరిగొచ్చేసింది. ఏ మొహం పెట్టుకుని ఆ గడప తొక్కుతుంది?

పగలంతా చేపలు కోసి చేతులు పుళ్ళు పడ్డాయి. రాత్రంతా కంటి మీద కునుకు లేదు. ఆ విసుగంతా ముసలాయన మీదికి మళ్ళింది.

“రేపట్నుంచి ఇక్కడ కూర్చోకు. చారు కావాలంటే వీధిలో బోలెడు హోటళ్ళున్నాయి. పో!”

ఆయన ఏదో అనబోయాడు. బూట్లు తొడుక్కుని, చారు తాగకుండానే వెళ్ళిపోయాడు.

“మరీ అంతలా కసిరావేంటక్కా?” ఈసారి మిసున్‌కే జాలేసింది.

“ఓపిక లేదే. దేవుణ్ణి అడగడానిక్కూడా ఓపిక లేదు.”

మర్నాడు కోర్టులో తేసిక్ తల వంచుకుని నిలబడ్డాడు. జడ్జి చనిపోయిన కుర్రాడి తండ్రిని పిలిపించారు.

ఓక్‌బున్ కళ్ళు గట్టిగా మూసుకుంది. ‘ప్రభువా, ఆయన ఎన్ని తిట్టినా పడతాను. బయటికి రాగానే కాళ్ళ మీద పడతాను. నిన్నే నమ్ముకున్నాను, ఇక నీ ఇష్టం.’

అలసిపోయిన గొంతు ఒకటి వినిపించింది.

“ఆ కుర్రాణ్ణి ఇంటికి పంపించండయ్యా. నేను క్షమించాను.”

జడ్జి కాగితాల మీంచి తలెత్తారు.

“వకీలు వస్తే తలుపు కూడా తీయలేదటగా! ఇప్పుడెందుకు మనసు మారింది?” అడిగారు జడ్జి.

“ఆ తల్లిని నాలుగు మాటలు అడిగి కడిగేద్దామని ఆవిడ చర్చికి వెళ్ళానయ్యా. తీరా చూస్తే, కొడుకు పేరు కంటే ముందు మా ఇన్‌గ్యు పేరు చెప్పి ఏడుస్తోంది. అప్పట్నుంచి రోజూ వెళ్ళి ఆవిడ వెనక బల్ల మీదే కూర్చుని విన్నాను, నిన్న ఆవిడ పొమ్మనేదాకా.”