శెట్టిని నడిపించిన రోజు

"రోడ్డు మీ నాయన రాసిచ్చినాడా శెట్టీ? బండి ఈడే పెడతా. ఏం చేసుకుంటావో చేసుకో పో!"

తిరుపాల్ తన మూడు చక్రాల బండిని బట్టల షాపు ముందున్న కరెంటు స్తంభానికి గొలుసుతో కట్టి తాళం వేశాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

షాపు లోపల గద్దె మీదున్న రామచంద్రయ్య శెట్టి కూర్చున్న చోటు నుంచే గొంతు చించుకున్నాడు.

"హనుమప్పా! ఆ బండి తీసి అవతల పారెయ్ అప్పా!"

గుమాస్తా హనుమప్ప వచ్చి బండిని ఊపి చూశాడు. "తాళమేసినాడు సామీ" అన్నాడు నీళ్ళు నములుతూ.

హిందూపురం బజారుకు ఇది రోజూ ఉండే తమాషానే. తిరుపాల్‌కు చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. వికలాంగుల కోటాలో బట్టల షాపు పక్కనే ఎస్టీడీ బూతు ఇచ్చారు. ఇచ్చారు గానీ, అందులోకి ఎలా పోతాడని ఏ మహానుభావుడూ ఆలోచించలేదు. షాపుల ముందు బారుగా మురిక్కాలువ. కాళ్ళున్నవాళ్ళు ఒక్క అంగలో దాటేస్తారు. కాలువ మీద వెడల్పాటి బండలు పరిచి ఉన్నది ఒక్క రామచంద్రయ్య షాపు ముందే. తిరుపాల్ బండిని ఆ బండల మీద ఆపి, అరుగు మీదుగా చేతులతో పాకుతూ బూతులోకి పోయేవాడు.

శెట్టికేమో ఆ చోటు తన ఆటోకి కావాలి. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఆటో మెట్లకు ఆనుకునే ఆగాలి. రోడ్డు మీద ఆగితే కుదరదు. నాలుగడుగులు వేస్తే అరిగిపోతాడా అని బజారంతా చెవులు కొరుక్కునేది.

మడకశిరలో బాగా నడుస్తున్న షాపు ఎత్తేసి ఇక్కడికొచ్చి పెట్టినవాడు రామచంద్రయ్య. బజారులో అందరికంటే ముందు తెరిచేదీ, అందరి తర్వాత మూసేదీ అతనే. గద్దె మీద కూర్చున్నాడంటే ఎమ్మెల్యే వచ్చినా లేవడు. "యాపారస్థుడు గద్దె దిగితే లక్ష్మి కూడా దిగిపోతాదప్పా" అంటాడు. పాతకాలం షావుకార్ల ఆచారమే అది. ఎంత ఆచారమైతే మాత్రం మరీ ఇంత పొగరా అని తిరుపాల్‌కు ఒళ్ళు మండేది. కాళ్ళు లేక తను పాకుతున్నాడు. కాళ్ళుండీ నడవనివాడు తన చోటు గుంజుకోవడమా?

ఆ రోజు బూతు మూసే వేళైనా తిరుపాల్ బండి తీయలేదు. శెట్టి షాపు వదల్లేదు. ఆటో రోడ్డు మీదే కాచుకుని ఉంది. ఎవరి పంతం నెగ్గుతుందో చూద్దామని టీ అంగడి దగ్గర జనం చేరారు. చివరికి తిరుపాల్‌కే ఆకలి ఆగక బండి విప్పుకుని పోయాడు.

మర్నాడు వచ్చేసరికి బండలకు అడ్డంగా ఇనప గేటు. శెట్టి ఆటో వచ్చినప్పుడే హనుమప్ప తీస్తాడు. పోగానే తాళం.

"ఇదేం అన్యాయం శెట్టీ? నా బండి యాడ పెట్టుకోవల్ల?"

"సంతలో పెట్టుకో. ఆ బండలు నా దుడ్లతో పరిపించుకున్నా. ఇంకోసారి ఈడ కనపడితే నీ బండి కాలవలో ఉంటాది!"

"దమ్ముంటే గద్దె దిగొచ్చి నువ్వే తొయ్యి!"

జనం ఘొల్లున నవ్వారు. రామచంద్రయ్య ముఖం కందగడ్డ అయింది. లేవలేదు. "హనుమప్పా, షట్టరు సగం దించు" అన్నాడు.

తిరుపాల్ బండిని ఎక్కడో లారీలు ఆగే చోట వదిలి, నడిబజారులో చేతుల మీద పాకుతూ వచ్చి, గేటు కింది సందులోంచి దూరి బూతు చేరాడు. ఎండకు కాలిన తారు అరచేతుల్ని బొబ్బలెక్కించింది. వీణ్ణి నడిపించకపోతే నా పేరు తిరుపాలే కాదనుకున్నాడు.

ముందు పెనుకొండ ఆర్డీవో ఆఫీసుకు పోయాడు. బస్సు ఎక్కించడానికే ఇద్దరు మనుషులు రెక్కలు పట్టి లాగారు. అంత అవస్థపడి పోతే, అది మునిసిపాలిటీ పని పొమ్మన్నారు. మునిసిపాలిటీ ఇంజనీరు వచ్చి చూసి పెదవి విరిచాడు.

"గేటే కాదయ్యా, కాలువ మీద ఆ బండలు కూడా అక్రమమే. తీస్తే రెండూ తీయాలి. అప్పుడు నీ బండికీ చోటుండదు."

"నాకు లేకపోయినా పర్వాలేదు సార్. పాకేది నాకు అలవాటే. ఆ శెట్టి మాత్రం నేల మీద కాలు పెట్టల్ల. బజారంతా చూడల్ల!"

శుక్రవారం మధ్యాహ్నం కూలీలు గడ్డపారలతో దిగారు. గేటు పీకారు. బండలు లేపి ట్రాక్టరులో వేశారు. రామచంద్రయ్య అరిచాడు, బెదిరించాడు, ఆఖరికి చేతులు జోడించాడు.

"ఒక్క ఆటో పట్టేంత చోటు ఉంచండి సామీ. మీకు పుణ్యముంటాది."

దండం పెట్టేటప్పుడు కూడా గద్దె మీద నుంచి లేవలేదు. అది చూసి తిరుపాల్ మరింత రగిలిపోయాడు. ట్రాక్టరు వెళ్ళిపోయింది.

సాయంత్రం కుండపోతగా వాన పట్టుకుంది. కూలీలు వదిలేసిన మట్టి అడ్డుపడి కాలువ పొంగింది. మురికినీళ్ళు మెట్లెక్కాయి. షాపులోకి దూరాయి. గద్దె మీది పరుపు అంచు తడిసింది. బూతులోకీ నీళ్ళొచ్చాయి గానీ తిరుపాల్ లెక్కచేయలేదు. స్టూలు మీదికి ఎక్కి కూర్చుని, షాపు వైపు మెడ సాచాడు.

"ఇప్పుడు దిగుతాడు చూడప్పా శెట్టి!" అని గట్టిగా కేక పెట్టాడు.

ఎదురంగళ్ళ వాళ్ళంతా గొడుగులేసుకుని వచ్చి నిలబడ్డారు. కాలువ అవతల ఆటో ఆగింది. ఎవడో ఈల కూడా వేశాడు.

హనుమప్ప మెడను రెండు చేతులా కరుచుకుని, అతని వీపు మీద బయటికొచ్చిన రామచంద్రయ్య పంచె కింద వేలాడుతున్న కాళ్ళు రెండూ తిరుపాల్ కాళ్ళకన్నా సన్నగా ఉన్నాయి.