పిల్లచేపల తిండి

అమ్మణి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. మనవరాలు దర్శిని చేతిలోని ఐసుపెట్టెలో ఏముందో ఆమెకు వాసనే చెప్పేసింది.

"పురట్టాసి శనివారం పూట చేపలు తెచ్చినావా పాపా?"

పురట్టాసి అంటే తమిళనాట పెరుమాళ్ళ నెల. ఆ నెలంతా రాజపాళయంలోని ఆ ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. ఆ సంగతి తెలిసే దర్శిని పెట్టె మోసుకొచ్చింది. తామ్రపర్ణి సముద్రంలో కలిసేచోట, ఉప్పునీళ్ళూ మంచినీళ్ళూ కలిసిన ఆ మడుగుల్లో పెరిగే పిల్లచేపలు ఏం తిని బతుకుతాయన్నది ఆమె పరిశోధన. పొట్ట కోసి లోపల ఏముందో చూస్తే తప్ప తెలియదు. కాలేజీ ల్యాబు సోమవారం దాకా తీయరు. ఈలోగా ఐసు కరిగి చేపలు కుళ్ళితే, మళ్ళీ ఇంత చిన్న పిల్లలు దొరికేది వచ్చే ఏడే. డాక్టరేటు కూడా అప్పటిదాకా ఆగాలి. ఇక ఇంట్లో ఫ్రిజ్జే దిక్కు. దాని మీద పెత్తనమంతా అవ్వది.

తినడానికి కాదు, చదువుకని దర్శిని బతిమాలింది. చదువుకైనా చేప చేపేనంది అమ్మణి. తాతయ్య రఘురామ పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని చెవిటివాడిలా కూర్చున్నాడు. పొట్టలు కోసే మాట మాత్రం దర్శిని ఎత్తలేదు. ఎత్తితే పెట్టెతోపాటు తనూ వీధిలోనే ఉండాల్సి వస్తుంది.

"ఇవి ఆకు తినే చేపలు అవ్వా. ఒడ్డున మడచెట్ల ఆకులు రాలి కుళ్ళుతాయి. ఆ ఆకు, ఆ బురద, అంతే వీటి తిండి."

"పురుగు, రొయ్య?"

పోయినసారి చేపల పొట్టల్లో దొరికిన రొయ్యపిల్లలు దర్శిని కళ్ళముందు మెదిలాయి.

"తాకవు అవ్వా. నీచు ముట్టని సుద్ధ సైవం."

అమ్మణి కాసేపు ఆలోచించి పక్కకు జరిగింది. తలకు పోసుకుని రమ్మని, ఫ్రిజ్జులో చోటు తనే చేసి పెడతానని పెట్టె అందుకుంది.

దర్శిని తలంటుకుని, నాలుగు దోసెలు తిని, బస్సు బడలికకు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. లేచి చూస్తే పెట్టె ఫ్రీజర్లో భద్రంగా ఉంది. అవ్వ పెరట్లో తడిజుట్టు ఆరబెట్టుకుంటోంది. పొద్దున్నే స్నానం చేసిన మనిషి మళ్ళీ ఎందుకు చేసిందో దర్శినికి అర్థమైంది.

"చేపలు ముట్టుకున్నావా అవ్వా, ఈ పొద్దు?"

"నీ చదువు కోసరం గదా. పెరుమాళ్ళకు చెప్పుకున్నాను, ఆయన ఒప్పుకుంటాడు."

కాపరానికి వచ్చిన నాటినుంచి తప్పని నియమం అది. దర్శినికి అవ్వ మీద ప్రేమ పొంగుకొచ్చింది, ఆడిన అబద్ధానికి సిగ్గేసింది. వెళ్ళి అవ్వను వాటేసుకుంది.

అమ్మణి ఆమె వీపు నిమిరింది.

"బురద తిన్న చేపల్ని అట్లనే ఫ్రిజ్జులో పెట్టేదెట్ల పాపా? కూర్చోని ఒక్కొక్కదాని పొట్ట కోసి, లోపలుండే ఆకు, బురద అంతా గీకి కాలవలో పారేసి, పసుపేసి సుద్ధంగా కడిగి పెట్టినాను."