లావు మెట్లు

చనిపోయిన అన్న వేళ్లకు అరిగిన తీగల కింది ఐదు లోహపు మెట్లను కామారెడ్డి మేస్త్రి ఎలక్ట్రిక్ గిటార్ మెడ మీంచి పీకేసిన సాయంత్రమే, సంజన దాన్ని ఎల్లారెడ్డికి తెచ్చి ఎప్పటి గోడకే ఆనించింది. తాను నేర్చుకోవాలని బాగు చేయించింది. అవ్వకు చెప్పలేదు.

తల్లి రామవ్వ రోజూలాగే కొంగుతో గిటార్ తుడవసాగింది. ఆ మెట్ల మీది గుంటలు ఆమె బొటనవేలికి తెలుసు.

వేలు ఆగింది. "ఇవి గిట్ల లావున్నయేందే?"

"సన్నవి దొరకలేదవ్వా. అరిగిన కాడ లావువి ఏసిండు."

"నన్నడుగకుండ ఏపిచ్చినవా, దొరసానీ? నా కొడుకు వేళ్ల గుంటలేవి?"

"మేస్త్రి పారేసిండు."

రామవ్వ చెయ్యి లేచింది. సంజన కళ్లు గట్టిగా మూసుకుంది.

దెబ్బ పడలేదు. కళ్లు తెరిచి చూస్తే, లేచిన చెయ్యి మళ్లీ గిటార్ మీద ఉంది; ఇన్నాళ్లూ గుంటలున్న చోటే తడిమిన ఆ వేలు, లావు మెట్లు దాటి సన్నవాటి మీదికి జారింది.

"ఇవెందుకు మార్వలే?"

"అవి అరగలేదవ్వా. అన్న ఐదింటిదాకనే నేర్చుకున్నడు."

"మరి ఇవన్ని?"

రామవ్వ గిటార్‌ను కూతురి ఒళ్లో పెట్టి ఎదురుగా కూర్చుంది.

ఆరో మెట్టు మొదలు చివరిదాకా ఇంకా ఎవరూ వాయించలేదు.