గోడ లోపలి సంగతి

"ఈ గోడకి పైపైన ఒక పూత వేసేసి వెళ్లు బాబాయ్," అంది డాక్టరమ్మ.

పెయింటర్‌కి ఒళ్లు మండింది. ఉబ్బిన రంగు మీద వేలి కణుపుతో కొట్టాడు. డొల్లగా మోగింది.

"చూడ్డానికి నున్నగానే ఉంటుందమ్మా. చెమ్మ గోడ లోపలుంది. ఒకరోజు పెచ్చు ఊడి నీ నెత్తిన పడుతుంది!"

"మరి నువ్వు కొవ్వు తగ్గించే మాత్రలు మానేశావని పిన్ని చెప్పిందే?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను! మూడంతస్తులెక్కినా ఆయాసం లేదు. రక్తం బాగానే పారుతోంది."

"పారుతుంది బాబాయ్. కొవ్వు చేరేది రక్తనాళం గోడ లోపలికి. పైపొర నున్నగానే ఉంటుంది. అది పగిలిన రోజు రక్తం అక్కడే గడ్డకట్టి దారి మూసేస్తుంది."

పెయింటర్ చెయ్యి దానంతటదే ఛాతీ మీదికి వెళ్లి, వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి చూసింది.

"ఆ మాత్రలు... తిన్నాక వేసుకోవాలా, తినకముందా?"