మొదలు ఎవరి వాటా?

ఎండిన తాడిమానులోని తొర్రలన్నీ ఒకప్పుడు అడవి సొత్తు. ఎవరు ఎందులో ఉండాలో వడ్రంగిపిట్టే చెప్పేది. తొర్ర కారితే దానికే మొర పెట్టుకోవాలి. వంతు వచ్చేసరికి వానాకాలం వెళ్లిపోయేది.

తర్వాత పద్ధతి మారింది. ఎవరి తొర్ర వాళ్లకే సొంతమైంది. గోరింక మురిసిపోయి తన తొర్రలో కొత్త పీచు పరుచుకుంది.

ఒక పొద్దున మాను మొదట్లో చెదలు కనిపించాయి. మొదలు తినేస్తే మానే కూలిపోతుందని గోరింక అందరినీ పిలిచింది.

"మొదలు నా తొర్రలోది కాదుగా," అంది పాలపిట్ట.

"నాదీ కాదు. వడ్రంగిపిట్టకి చెప్పు," అంది గుడ్లగూబ నిద్రకళ్లతో.

"ఇప్పుడు నాకేం పని? అంతా మీదేగా," అంది వడ్రంగిపిట్ట.

గోరింక తల ఊపింది. "అయితే ఆ మొదలు నా పేరున రాసెయ్యండి. అక్కడి చెదలూ నావే. నెల్లాళ్లు నాకు తిండికి లోటుండదు."

పాలపిట్ట గబుక్కున కిందికి దిగింది. "అదెలా కుదురుతుంది వదినా? మొదలు అందరిదీ కదా." గుడ్లగూబా వచ్చి వాలింది. వడ్రంగిపిట్ట అయితే అందరికంటే ముందే ముక్కు పెట్టేసింది.

మధ్యాహ్నానికి చెదపురుగు ఒక్కటీ మిగల్లేదు. గోరింకకి దక్కినవి నాలుగే. అయినా అది తొర్రలోకి వెళ్లి, కడుపు నిండినదానిలా హాయిగా కునుకు తీసింది.