బతూల్‌కు పట్టిన దయ్యం

ఇలా దగ్గరికి జరగండి తల్లీ, సూడాన్‌లోని ఓందుర్మాన్‌లో మా వీధి బతూల్ సంగతి చెబుతాను.

పట్టిన దయ్యాన్ని చల్లబరచడానికి జార్ కొలుపు పెట్టించి, తల్లి సిత్తెనా ఆమెకు ఎర్రబట్ట చుట్టబెట్టింది. డప్పులవాళ్లింకా రాలేదు. చాప మీద ఊరికే కూర్చున్న బతూల్‌కు ఉన్నట్టుండి గుండె దడదడలాడింది.

"అమ్మా, మొదలైంది. కళ్లు తిరుగుతున్నాయి."

తల్లి గాభరాగా మంచునీళ్ల బేసిన్ లాగింది. "ఊపిరి బిగబట్టి మొహం ముంచవే!"

ముంచింది. కాసేపట్లోనే గుండె టక్కున కుదుటపడింది. ఇన్నేళ్ల డప్పులూ ధూపాలూ చేయలేని పని అది.

"ఈ కిటుకు నీకెవరు చెప్పారు?"

"మా అమ్మ. నాకూ వచ్చేదిగా," అనేసి సిత్తెనా నాలిక్కరుచుకుంది.

"నీకూనా? మరి దయ్యానికి చదువు గిట్టదని నన్ను నర్సుబడి మాన్పించావే!"

"మెల్లగా మాట్లాడవే! దయ్యమంటే కొలుపుతో సరిపెట్టుకుంటారు. ఇంటి నెత్తుట్లోనే జబ్బుందంటే నీ చెల్లెళ్లను ఎవడు చేసుకునేవాడు?"

"అంటే నన్ను పిచ్చిదాన్ని చేసి వాళ్ల పెళ్లిళ్లు చేశావు."

తల్లి ఆమె భుజాల మీద ఎర్రబట్ట సర్దబోయింది. వాకిట్లో డప్పులు మోగాయి. "కూర్చోవే, జనం వస్తున్నారు."

"రానీ. ఆ దయ్యం నీదేగా, నువ్వే ఆడు."

ఎర్రబట్ట తల్లి ఒళ్లో పడేసి, తడి మొహంతోనే గుండె డాక్టరు దగ్గరికి నడిచింది బతూల్. తల్లిని వెంట రమ్మనలేదు.

మీ ఇంట్లో ఏ పిల్లకైనా ఊరికే కూర్చున్నప్పుడు గుండె అలా పరుగెడితే, బతూల్‌ను తలుచుకుని, ఆ పిల్లకు ఈ కథ దాచకుండా చెప్పండి తల్లీ.