బడిలో కూసిన కూత

కొండమీది కౌజుపిట్ట పిల్లలకు చదువు చెప్పడానికి కింది తోటలోంచి చిలక పంతులు వచ్చాడు. "బడిలో మీ కూత వినపడకూడదు. నా మాటే పలకాలి" అన్నాడు. పిల్లలు వరసగా నిలబడి, ఏం చెప్తే అది గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేవి. పంతులు మురిసిపోయేవాడు.

ఒకరోజు గడ్డిలోంచి తాచుపాము వచ్చింది.

"పాము! పొదలోకి పరిగెత్తండి!" అని అరిచాడు పంతులు.

"పాము! పొదలోకి పరిగెత్తండి!" అంటూ పిల్లలన్నీ నిలబడ్డచోటే రాగం తీశాయి.

పంతులు మళ్లీ అరిచాడు. అవి మళ్లీ అప్పజెప్పాయి. పాము పడగెత్తింది.

అంతలో గట్టు మీదున్న తల్లి కౌజు ఒక్క కూత కూసింది. రెప్పపాటులో పిల్లలన్నీ పొదలో దూరాయి.

పాము వెళ్లిపోయాక తల్లి పంతులు దగ్గరికి వచ్చింది.

"తప్పైపోయింది పంతులుగారూ, బడిలో మా కూత కూశాను. పిల్లల్ని వెళ్లగొట్టకండి."